హైస్కూల్ డిప్లొమాకి షరతులు పెంచితే చదువు పెరుగుతుందా? అమెరికా 40 ఏళ్ల అనుభవం

టెక్సాస్‌లో హైస్కూల్ చదువు ముగించుకుని బయటపడాలంటే కనీసం 22 క్రెడిట్లు కావాలి. ఇండియానా కొత్త డిప్లొమాకి 42 కావాలి. లాస్ ఏంజెలెస్‌లో అయితే 210. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూసినవాళ్లు ఇండియానా పిల్లలు టెక్సాస్ పిల్లలకంటే రెండింతలు చదువుతున్నారని, లాస్ ఏంజెలెస్ పిల్లలకి ఇక నిద్రే ఉండదని అనుకోవడంలో తప్పులేదు. కానీ మూడు చోట్లా బరువు ఇంచుమించు ఒకటే. టెక్సాస్ ఏడాది పొడవునా చదివిన కోర్సుకి ఒక క్రెడిట్ వేస్తుంది, ఇండియానా సెమిస్టర్‌కి ఒకటి వేస్తుంది, లాస్ ఏంజెలెస్ సెమిస్టర్‌కి 5 వేస్తుంది. తేడా అంతా లెక్కపెట్టే పద్ధతిలోనే.

డిప్లొమా షరతుల మీద అమెరికాలో జరిగే చర్చంతా ఇలాగే ఉంటుంది. కాగితం మీద కనిపించే అంకె ఒకటి, క్లాసులో జరిగేది ఇంకొకటి. "పిల్లలు కాలేజీకీ ఉద్యోగానికీ సిద్ధంగా లేరు, కాబట్టి డిప్లొమాకి షరతులు పెంచాలి" అనే మాట ప్రతి పదేళ్లకోసారి గట్టిగా వినిపిస్తుంది. పెంచుతారు. నాలుగైదేళ్లకి "పిల్లలు ఫెయిలవుతున్నారు, తగ్గించాలి" అంటారు. తగ్గిస్తారు. ఇప్పుడు మళ్లీ కొన్ని రాష్ట్రాలు డిప్లొమాని మొదటినుంచీ తిరగరాస్తున్నాయి.

క్లుప్తంగా

1983 నుంచి అమెరికా పిల్లలు చదివే కోర్సుల సంఖ్య పెరిగింది, వాళ్లకొచ్చే మార్కులూ పెరిగాయి, కానీ 12వ తరగతి పిల్లల లెక్కల సామర్థ్యం ఆ మేరకు పెరగలేదు, ఈ మధ్య తగ్గింది కూడా. షరతు ఒక్కటే పెంచిన చోట పిల్లలు ఫెయిలవడమో, కోర్సు పలచబడటమో జరిగింది. షరతుతో పాటు వెనకబడిన పిల్లలకి అదనపు బోధన గంటలు కూడా ఇచ్చిన చోట ఫలితం కనిపించింది. ఆ గంటలకి డబ్బు, టీచర్లు కావాలి. షరతు పెంచడానికి ఒక తీర్మానం చాలు.

క్రెడిట్ అంటే అసలు ఏంటి

తెలుగు రాష్ట్రాల్లో చదివినవాళ్లకి పదో తరగతి, ఇంటర్ అంటే బోర్డు, హాల్ టికెట్, పబ్లిక్ పరీక్ష, పాసవ్వడానికి నూటికి 35. పేపర్ ఏ జిల్లాలో ఎవరు దిద్దుతారో తెలియదు, పాఠం చెప్పిన టీచర్ చేతిలో ఏమీ ఉండదు. అమెరికా పద్ధతి దీనికి దాదాపు తలకిందులు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లు హైస్కూల్; ఆ నాలుగేళ్లలో ఏ సబ్జెక్టు ఎన్నేళ్లు చదవాలో రాష్ట్రం చెబుతుంది, దాని మీద స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని బడుల్ని నడిపే సంస్థ, మన జిల్లా కాదు) ఇంకొన్ని కలుపుకోవచ్చు, ఆ కోర్సులో పాసయ్యారా లేదా అన్నది మాత్రం క్లాసు చెప్పిన టీచరే తేలుస్తారు. డిప్లొమాకి ఏం కావాలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం చెప్పదు.

ఈ క్రెడిట్ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే కాస్త నవ్వొస్తుంది. 1906 ప్రాంతంలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్లకి పెన్షన్ ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఏది కాలేజీ, ఏది కాదు అని తేల్చుకోవాలి కదా, అందుకని హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవాళ్లనే చేర్చుకునే సంస్థనే కాలేజీగా లెక్కేస్తామంది. ఒక యూనిట్ అంటే ఒక సబ్జెక్టు ఏడాదిలో సుమారు 120 గంటలు చదవడం. పెన్షన్ కోసం కాలేజీలు, కాలేజీల కోసం హైస్కూళ్లు ఈ కొలతని పట్టుకున్నాయి, ఇక వదల్లేదు. అంటే నూట ఇరవై ఏళ్ల కిందటి పెన్షన్ లెక్క ఇవాళ్టికీ అమెరికా పిల్లల డిప్లొమాని నడిపిస్తోంది. అది కొలిచేది క్లాసులో కూర్చున్న సమయాన్ని. ఆ సమయంలో ఏం నేర్చుకున్నారన్నది దానికి తెలియదు. మిగతా కథకంతా మూలం ఇక్కడే ఉంది.

1983 రిపోర్టు, దాని వెంట పరుగు

1983 ఏప్రిల్‌లో రీగన్ ప్రభుత్వం వేసిన కమిషన్ 'ఎ నేషన్ ఎట్ రిస్క్' అనే రిపోర్టు ఇచ్చింది. జపాన్ కార్లు, కొరియా ఉక్కు, జర్మనీ యంత్రాలు తమని దాటిపోతున్నాయన్న భయం ఆ రిపోర్టు నిండా ఉంది, ఆ భయానికి కారణం బడుల్లో వెతికారు. ప్రతి హైస్కూల్ విద్యార్థీ నాలుగేళ్లు ఇంగ్లిష్, మూడేళ్లు లెక్కలు, మూడేళ్లు సైన్స్, మూడేళ్లు సోషల్, అర ఏడాది కంప్యూటర్లు చదవాలని సిఫారసు చేశారు. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఏడాదో రెండేళ్లో లెక్కలు చదివితే డిప్లొమా చేతికొచ్చేది. రిపోర్టు వచ్చిన కొద్ది సంవత్సరాల్లోనే ఎక్కువ రాష్ట్రాలు కోర్సుల సంఖ్య పెంచేశాయి.

అది పూర్తిగా వృథా అనడానికి కూడా లేదు. ఆ కాలంలో షరతులు పెరిగిన రాష్ట్రాలనీ పెరగని రాష్ట్రాలనీ పోల్చిన పరిశోధనలో, అదనంగా లెక్కల కోర్సులు చదివిన నల్లజాతి విద్యార్థుల సంపాదన తర్వాతి జీవితంలో చెప్పుకోదగ్గంత పెరిగినట్టు తేలింది. తెల్లజాతి పిల్లల్లో ఆ ప్రభావం పెద్దగా లేదు. ఎందుకంటే షరతు లేకపోతే ఆ కోర్సు దొరకని బడుల్లో ఎక్కువగా ఉన్నది నల్లజాతి పిల్లలే. కనీసం ఆ కోర్సు తమ బడిలో పెట్టించడానికి షరతు పనికొచ్చింది. సున్నా నుంచి రెండుకి వెళ్లడం వేరు, మూడు నుంచి నాలుగుకి వెళ్లడం వేరు అన్నమాట. తర్వాతి కాలంలో జరిగిందంతా ఈ రెండో రకం.

ఆల్జీబ్రా 2 మీద అంత గురి ఎందుకు

1999లో అమెరికా విద్యాశాఖ ప్రచురించిన ఒక అధ్యయనం, హైస్కూల్లో ఆల్జీబ్రా 2 (బీజగణితంలో రెండో, పై స్థాయి కోర్సు) దాటి ఇంకో లెక్కల కోర్సు చదివినవాళ్లు డిగ్రీ పూర్తిచేసే అవకాశం రెండింతలకి మించి ఉంటోందని చెప్పింది. 2004లో 'అమెరికన్ డిప్లొమా ప్రాజెక్ట్' ఇంకో అడుగు ముందుకేసి, కాలేజీకి కావాల్సిన లెక్కలూ మంచి ఉద్యోగానికి కావాల్సిన లెక్కలూ ఇంచుమించు ఒకటేనని, అందరికీ ఆల్జీబ్రా 2 స్థాయి ఉండాలని వాదించింది. గవర్నర్లు, కంపెనీల సీఈఓలు ఈ మాట అందుకున్నారు. కొన్నేళ్లలోనే పలు రాష్ట్రాల్లో ఆల్జీబ్రా 2 తప్పనిసరి అయింది.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆల్జీబ్రా 2 చదివినవాళ్లు డిగ్రీ పూర్తిచేస్తున్నారంటే ఆ కోర్సు వల్లే పూర్తిచేస్తున్నారని అర్థం కాదు. ఇష్టపడి ఆ కోర్సు తీసుకున్న పిల్లలు అప్పటికే లెక్కల్లో గట్టివాళ్లు, ఇంట్లో చదువుకున్న తల్లిదండ్రులున్నవాళ్లు, మంచి బడిలో ఉన్నవాళ్లు. వాన పడే రోజున గొడుగులు ఎక్కువ కనిపిస్తాయి నిజమే, అందరికీ గొడుగులు పంచితే వాన పడదు. అదే కోర్సుని ఐదో తరగతి భిన్నాల దగ్గరే ఆగిపోయిన పిల్లాడికి తప్పనిసరి చేస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు షికాగోలో దొరికింది, అదీ రెండుసార్లు.

షికాగో: ఒకే ఊరు, రెండు ప్రయోగాలు

1997లో షికాగో పబ్లిక్ స్కూళ్లు తొమ్మిదో తరగతిలో రెమెడియల్ లెక్కల క్లాసులు ఎత్తేసి అందరూ ఆల్జీబ్రాతోనే మొదలుపెట్టాలన్నాయి. ఉద్దేశం మంచిదే. వెనకబడ్డ పిల్లల్ని కింది మెట్టు మీద కూర్చోబెడితే వాళ్లలో చాలామంది ఆ మెట్టు దిగనూ లేక ఎక్కనూ లేక అక్కడే ఉండిపోతున్నారు, వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలు. మెట్టే లేకుండా చేస్తే సరి అనుకున్నారు.

కొన్నేళ్ల తర్వాత షికాగో యూనివర్సిటీకి చెందిన పరిశోధకులు లెక్కతీస్తే ఇలా తేలింది. ఆల్జీబ్రా క్రెడిట్ తెచ్చుకున్న పిల్లల సంఖ్య పెరిగింది. ఫెయిలైనవాళ్ల సంఖ్యా పెరిగింది, గ్రేడ్లు కాస్త తగ్గాయి, పరీక్షల్లో స్కోర్లు మాత్రం కదల్లేదు, కాలేజీకి వెళ్లినవాళ్ల సంఖ్యా పెరగలేదు. ఇంకో విషయం కూడా బయటపడింది: అన్ని స్థాయిల పిల్లల్నీ ఒకే గదిలో కలిపేసరికి లెక్కల్లో ముందున్న పిల్లల స్కోర్లు కొంచెం దెబ్బతిన్నాయి. ఇది ఎలా జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. గదిలో సగం మందికి రుణ సంఖ్యల కూడికలే రావు, మిగతా సగానికి సమీకరణాలు కావాలి, టీచర్‌కి దొరికేది రోజుకి ఒక్క పీరియడ్. ఆ టీచర్ ఎవరైనా సరే మధ్యకి వస్తారు. మధ్యలో ఎవరూ ఉండరు.

2003లో షికాగో దిద్దుబాటుకి దిగింది. ఆల్జీబ్రా అందరికీ తప్పనిసరి అన్న నిబంధన అలాగే ఉంచి, ఎనిమిదో తరగతి లెక్కల పరీక్షలో జాతీయ మధ్యస్థ స్కోరుకంటే తక్కువ వచ్చినవాళ్లకి రోజుకి రెండు పీరియడ్ల ఆల్జీబ్రా పెట్టింది. రెండో పీరియడ్‌లో ఏం చెప్పాలో టీచర్లకి పాఠ్య సామగ్రి, శిక్షణ ఇచ్చారు. ఒక గీత దగ్గర కోత పెట్టారు కాబట్టి పరిశోధకులకి పోల్చడం తేలికైంది: గీతకి సరిగ్గా కింద ఉన్న పిల్లాడికీ సరిగ్గా పైన ఉన్న పిల్లాడికీ సామర్థ్యంలో తేడా దాదాపు ఉండదు, ఒకడికి రెండు పీరియడ్లు దొరికాయి, ఇంకొకడికి ఒకటే దొరికింది. రెండు పీరియడ్లు దొరికినవాళ్లలో క్రెడిట్లు పెరిగాయి, పరీక్ష స్కోర్లు పెరిగాయి, హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు పెరిగారు, కాలేజీలో చేరినవాళ్లూ పెరిగారు. అందరికంటే ఎక్కువ లాభపడింది చదవడంలో బలహీనంగా ఉన్న పిల్లలు. లెక్కల కోర్సులో చదవడం రానివాళ్లు లాభపడటమేంటి అనిపించొచ్చు. ఆ రెండో పీరియడ్‌లో సమస్యని మాటల్లో వివరించడం, లెక్కని నోటితో చెప్పడం మీద దృష్టి పెట్టారు, అది కలిసొచ్చింది.

రెండు సంస్కరణల్లోనూ షరతు ఒకటే. 2003లో కొత్తగా వచ్చింది ఒక గంట.

టెక్సాస్, మిషిగన్: ఎక్కడం, దిగడం

టెక్సాస్ 2006లో చట్టం చేసి 'నాలుగింటికి నాలుగు' పద్ధతి తెచ్చింది. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్, నాలుగూ నాలుగేళ్లు చదవాలి. తర్వాత కోర్సు చివర రాసే రాష్ట్ర పరీక్షలు 15 దాకా పెట్టారు. ఇటు తల్లులు పరీక్షల మీద తిరగబడ్డారు, అటు వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు దొరకడం లేదని పరిశ్రమల వాళ్లు ఫిర్యాదు చేశారు. 2013లో హౌస్ బిల్ 5 పేరుతో మొత్తం వెనక్కి తిప్పారు. పరీక్షలు 15 నుంచి 5కి దిగాయి, అందరికీ ఆల్జీబ్రా 2 అన్న నిబంధన పోయింది. ఇప్పుడు 22 క్రెడిట్ల పునాది ప్రోగ్రామ్ ఉంటుంది, దాని మీద స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు), బిజినెస్, పబ్లిక్ సర్వీస్, ఆర్ట్స్ లాంటి 'ఎండోర్స్‌మెంట్' ఏదో ఒకటి తీసుకుంటే 26 అవుతాయి.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకి ఇక్కడ ఒక మెలిక తెలియాలి. టెక్సాస్‌లో ప్రతి హైస్కూల్లో పై 10 శాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మాత్రం ఆ హద్దు 2026 అడ్మిషన్లకి 5 శాతానికి దిగింది. ఆ సీటుకి అర్హత రావాలంటే పునాది డిప్లొమా చాలదు, 'డిస్టింగ్విష్డ్' స్థాయి కావాలి, దానికి ఆల్జీబ్రా 2 తప్పదు. అంటే చట్టం ఆల్జీబ్రా 2ని డిప్లొమా గుమ్మం మీంచి తీసి కాలేజీ గుమ్మం మీద పెట్టింది. కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే స్కూల్ కౌన్సిలర్ చెప్పకపోతే, ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, తొమ్మిదో తరగతిలో చేసిన ఎంపిక పన్నెండులో బయటపడుతుంది.

మిషిగన్ కథ ఇంకా విచిత్రం. 2006 ముందు ఆ రాష్ట్రం డిప్లొమాకి అడిగిన కోర్సు ఒక్కటే, సివిక్స్, అదీ అర క్రెడిట్. మిగతాదంతా డిస్ట్రిక్టుల ఇష్టం. కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోతున్న రోజుల్లో గవర్నర్ జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ ఒకేసారి నాలుగేళ్ల లెక్కలు (ఆల్జీబ్రా 2తో సహా), నాలుగేళ్ల ఇంగ్లిష్, మూడేళ్ల సైన్స్ తప్పనిసరి చేసే చట్టం మీద సంతకం పెట్టారు. తర్వాత జరిగిన అధ్యయనంలో మొత్తం మీద ప్రభావం చాలా చిన్నదని, బాగా తయారై వచ్చిన పిల్లలకి సైన్స్‌లో కొంచెం మేలు జరిగిందని, బాగా వెనకబడి వచ్చిన పిల్లల్లో డిప్లొమా పూర్తిచేసేవాళ్లు కొంచెం తగ్గారని తేలింది. 2014లో మిషిగన్ కూడా వృత్తి విద్య కోర్సుతో ఆల్జీబ్రా 2 షరతు తీర్చుకునే దారి తెరిచింది.

లాస్ ఏంజెలెస్‌లో డి గ్రేడు

కాలిఫోర్నియాలో యూసీ, సీఎస్‌యూ అనే రెండు ప్రభుత్వ యూనివర్సిటీ వ్యవస్థల్లో చేరడానికి 'ఏ టు జీ' అని 15 కోర్సుల జాబితా ఉంది. ప్రతి కోర్సులో కనీసం సి గ్రేడు ఉండాలి. 2005లో లాస్ ఏంజెలెస్ స్కూల్ డిస్ట్రిక్ట్ ఈ జాబితానే డిప్లొమాకి షరతుగా పెడతామని తీర్మానించింది. తూర్పు, దక్షిణ లాస్ ఏంజెలెస్ పిల్లలు, తల్లిదండ్రులు రోడ్డెక్కి అడిగి తెచ్చుకున్న తీర్మానమది. తమ బడుల్లో కాలేజీ కోర్సులే లేవన్నది వాళ్ల ఫిర్యాదు, అది నిజం కూడా.

సి గ్రేడు నిబంధన అమలయ్యే సమయం దగ్గరపడేసరికి చాలామంది పిల్లలు ఆ గీత దాటలేరని అర్థమైంది. 2015లో బోర్డు మెత్తబడి డి వస్తే చాలంది. దాంతో ఒక వింత పరిస్థితి వచ్చింది. యూనివర్సిటీ అడిగే కోర్సులన్నీ చదివి డిప్లొమా చేతిలో పట్టుకున్న పిల్లకి రెండు కోర్సుల్లో డి ఉంటే యూనివర్సిటీ తలుపు తెరవదు. కోర్సుల పేర్లు కలిశాయి, గీతలు కలవలేదు. వెనకబడ్డవాళ్ల కోసం డిస్ట్రిక్ట్ పెద్ద ఎత్తున 'క్రెడిట్ రికవరీ' పెట్టింది, గ్రాడ్యుయేషన్ శాతం నిలబడింది.

క్రెడిట్ రికవరీ అంటే మన సప్లిమెంటరీ లాంటిదే అనుకోవచ్చు, కానీ సప్లిమెంటరీకి మళ్లీ బోర్డు పేపరే రాయాలి. అమెరికాలో చాలా చోట్ల కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలు చూసి, చిన్న చిన్న క్విజ్‌లు దాటుకుంటూ పోతే ఏడాది కోర్సు కొన్ని వారాల్లో అయిపోతుంది. నిజంగా పనికొచ్చే రికవరీ కోర్సులూ ఉన్నాయి. బయటినుంచి చూసేవాళ్లకి రెండింటికీ తేడా తెలియదు, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పట్టీ) మీద రెండూ ఒకటే.

గ్రేడ్లు పెరిగాయి, మరి లెక్కలు?

1990లో హైస్కూల్ ముగించిన పిల్లల సగటు జీపీఏ (అన్ని కోర్సుల గ్రేడ్ల సగటు, 4 పాయింట్ల కొలత మీద) 2.68. 2019లో అది 3.11. అదే కాలంలో సగటు క్రెడిట్లు దాదాపు 24 నుంచి దాదాపు 28కి పెరిగాయి. నాలుగేళ్లలో హైస్కూల్ పూర్తిచేసేవాళ్లు 2010-11లో 79 శాతం ఉంటే పదేళ్లు తిరగకముందే 85 దాటారు. ఈ మూడు అంకెలే చూస్తే షరతులు పెంచడం గొప్ప విజయం.

ఇప్పుడు నాలుగోది. దేశవ్యాప్తంగా శాంపిల్ తీసి పెట్టే నేప్ పరీక్షలో 12వ తరగతి లెక్కల సగటు ఏళ్ల తరబడి దాదాపు ఉన్నచోటే ఉంది, 2024లో ఇంకా కిందికి దిగింది. ఆ ఏడాది 45 శాతం మంది 'బేసిక్' గీతకి కూడా కిందే ఉన్నారు. 2024 దెబ్బలో కోవిడ్ వాటా ఉంది, కాదనలేం, కానీ అంతకు ముందూ పెరుగుదల ఏమీ లేదు. ఎక్కువ కోర్సులు, ఎక్కువ మార్కులు, అవే లెక్కలు.

ఎలా సాధ్యమంటే, తరగతి పేరు మారినంత తేలిగ్గా తరగతి మారదు. పై నుంచి 'అందరూ ఆల్జీబ్రా 2 చదవాలి' అంటారు. స్కూలుకి గ్రాడ్యుయేషన్ శాతం పడిపోకూడదన్న ఒత్తిడి ఉంటుంది, ఆ శాతం మీదే స్కూలు రేటింగ్, ప్రిన్సిపాల్ ఉద్యోగం ఆధారపడి ఉంటాయి. పాసో ఫెయిలో తేల్చేది టీచర్. బయటి పరీక్ష లేదు. ఈ నాలుగూ కలిసిన చోట కోర్సు మెల్లగా పలచబడుతుంది, ఎవరూ ఫలానా రోజున నిర్ణయం తీసుకోరు. మజ్జిగలో నీళ్లు కలిపినట్టు, రోజుకో గ్లాసు. అధ్యయనాల్లో 'ఆనర్స్' అని రాసి ఉన్న క్లాసు పుస్తకాలు తెరిచి చూస్తే మామూలు క్లాసుకంటే కష్టంగా లేని సందర్భాలు బయటపడ్డాయి.

బాగా శ్రుతి మించిన ఉదాహరణ వాషింగ్టన్ డీసీలోని బల్లూ హైస్కూల్. 2017లో అక్కడ గ్రాడ్యుయేట్లందరికీ కాలేజీల్లో సీట్లు వచ్చాయని దేశమంతా మెచ్చుకుంది. ఆ నవంబర్‌లో రేడియో విలేకరులు హాజరు పట్టీలు తీసి చూస్తే గ్రాడ్యుయేట్లలో సగం మంది మూడు నెలలకి పైగా బడికే రాలేదని తేలింది. తర్వాత జరిగిన ఆడిట్‌లో ఆ ఏడాది డీసీ అంతటా డిప్లొమా అందుకున్నవాళ్లలో మూడో వంతు మందికి నిబంధనలు తప్పి ఇచ్చారని రాశారు.

రెండో చివర యూనివర్సిటీలు ఉన్నాయి. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ 2025 నవంబర్‌లో బయటపెట్టిన రిపోర్టు ప్రకారం, హైస్కూల్ స్థాయి లెక్కలు రాకుండానే చేరుతున్న ఫస్టియర్ విద్యార్థుల సంఖ్య 2020 నుంచి ఐదేళ్లలో దాదాపు 30 రెట్లు పెరిగింది. వాళ్లలో చాలామంది హైస్కూల్ మార్కుల పట్టీ మాత్రం చక్కగా ఉంది. కాలేజీ ప్రవేశాలకి చూసే శాట్ పరీక్షని కాలిఫోర్నియా యూనివర్సిటీలు 2020లో పక్కన పెట్టాయి కాబట్టి చేతిలో ఉన్న ఆధారం ఆ మార్కుల పట్టీయే.

పరీక్ష పెడితే సరిపోతుందా

టీచర్ మీద ఒత్తిడి ఉన్నప్పుడు బయటి పరీక్ష పెట్టొచ్చు కదా అనిపిస్తుంది, ముఖ్యంగా బోర్డు పరీక్షల నేల నుంచి వచ్చినవాళ్లకి. అమెరికా అదీ ప్రయత్నించింది. ఒక దశలో దాదాపు సగం రాష్ట్రాల్లో పరీక్ష పాసైతేనే డిప్లొమా ఇచ్చేవాళ్లు. 2011లో నేషనల్ రిసర్చ్ కౌన్సిల్ అప్పటిదాకా వచ్చిన సాక్ష్యాలన్నీ పరిశీలించి, ఈ పరీక్షల వల్ల గ్రాడ్యుయేషన్ శాతం సుమారు రెండు పాయింట్లు తగ్గిందని, చదువు పెరిగినట్టు మాత్రం కనిపించలేదని తేల్చింది. అందరూ దాటాలి కాబట్టి గీత కిందికి దించుతారు. దించితే మంచి విద్యార్థికి అది అడ్డే కాదు, అట్టడుగున ఉన్న విద్యార్థికి మాత్రం బడి మానేయడానికి ఇంకో కారణం.

ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఆ పరీక్షల్ని వదిలేస్తోంది. మసాచుసెట్స్‌లో 2003 బ్యాచ్ నుంచి అమల్లో ఉన్న పరీక్ష షరతుని 2024 నవంబర్‌లో ఓటర్లే తీసేశారు, 59 శాతం మంది తీసేయమన్నారు. న్యూయార్క్ కూడా శతాబ్దం దాటిన రీజెంట్స్ పరీక్షల్ని డిప్లొమా నుంచి విడదీస్తోంది.

మన ఇంటర్‌తో పోలిస్తే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ పిల్లల్ని జల్లెడ పట్టే పని ఇంటర్ బోర్డు చేయదు, ఈఏపీసెట్, జేఈఈ, నీట్ చేస్తాయి. అందుకే వెయ్యికి 980 దాటిన మార్కులు వీధికొకటి కనిపించినా ఎవరూ పెద్దగా కంగారుపడరు, అసలు లెక్క ర్యాంకుది. అమెరికాలో ఆ రెండో జల్లెడ బలహీనపడిన కొద్దీ డిప్లొమా మీద, గ్రేడు మీద మోయలేనంత బరువు పడుతోంది. ఎంట్రెన్స్ పద్ధతికి ఉన్న జబ్బులు వేరు. కోచింగ్ హాస్టళ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ దాన్ని మందుగా రాయరు.

కొత్త దారి: ఒకే డిప్లొమా, వేర్వేరు ముద్రలు

ఈ మధ్య పెరుగుతున్న ఇంకో ఒత్తిడి విస్తరి నిండిపోవడం. పర్సనల్ ఫైనాన్స్ తప్పనిసరి చేసిన రాష్ట్రాలు ఇప్పటికే సగం దాటాయి. కంప్యూటర్ సైన్స్ పెట్టమనేవాళ్లున్నారు, సివిక్స్ పెంచమనేవాళ్లున్నారు. ఒక్కోటీ మంచిదే, ఏదీ తీసేయరు. రోజుకి ఏడో ఎనిమిదో పీరియడ్లు. అన్నీ వడ్డిస్తే మ్యూజిక్, డ్రాయింగ్, వెల్డింగ్ విస్తరి అంచు దాటి కింద పడతాయి.

ఇండియానా దీనికి వెతికిన జవాబు ఆసక్తికరంగా ఉంది. 2024లో మొదట తయారుచేసిన ముసాయిదాలో కోర్సులు తగ్గించి ఉద్యోగ అనుభవానికి పెద్ద పీట వేశారు. తెలుగు ఇళ్లలో బాగా తెలిసిన పర్డ్యూ యూనివర్సిటీ ఆ డిప్లొమాతో తమ అడ్మిషన్ అర్హతలు తీరవని చెప్పేసింది. ముసాయిదా వెనక్కి వెళ్లింది. డిసెంబర్‌లో ఆమోదం పొందిన రూపంలో అందరికీ ఒక బేస్ డిప్లొమా, దాని మీద కాలేజీకి ఒకటి, ఉద్యోగానికి ఒకటి, సైన్యం లేదా సేవా రంగానికి ఒకటి చొప్పున 'సీల్స్' ఉన్నాయి, ఒక్కోదానికీ రెండు స్థాయిలు. కాలేజీకి కావాల్సిన లెక్కలూ ఉద్యోగానికి కావాల్సిన లెక్కలూ ఒకటే అన్న 2004 నాటి వాదనని ఇండియానా మాట్లాడకుండానే పక్కన పెట్టినట్టయింది.

భయం ఉన్నది ఎక్కడంటే, పద్నాలుగేళ్ల పిల్లల్లో ఎవరిని ఏ సీల్ వైపు పంపుతారన్నది. షికాగో 1997లో కింది మెట్టుని ఎత్తేసింది సరిగ్గా ఈ భయంతోనే. స్కూల్ కౌన్సిలర్ల సంఘం ఒక్కో కౌన్సిలర్‌కి 250 మంది పిల్లలకి మించకూడదంటుంది, చాలా రాష్ట్రాల్లో అంతకంటే ఎక్కువే ఉన్నారు. ఇంట్లో కాలేజీ చదివినవాళ్లున్న పిల్ల ఏ సీల్ తీసుకోవాలో భోజనాల దగ్గరే తేలిపోతుంది. లేని పిల్లకి ఆ కౌన్సిలర్‌తో దొరికే పదిహేను నిమిషాలే దిక్కు.

ఇండియా నుంచి పదో తరగతో ఇంటర్ ఫస్టియరో చదివి వెళ్లే పిల్లలకి సమస్య ఇంకోలా ఉంటుంది. ఇక్కడి మార్కుల జాబితాని అక్కడి క్రెడిట్లుగా మార్చేది చేరబోయే డిస్ట్రిక్టే, ఒక డిస్ట్రిక్ట్ ఇచ్చినన్ని పక్క డిస్ట్రిక్ట్ ఇవ్వాలని లేదు. మనవాళ్లకి లెక్కలు, సైన్స్ సాధారణంగా చిక్కు కాదు. అమెరికా చరిత్ర, ప్రభుత్వం, వ్యాయామం, ఆర్ట్స్ లాంటివే పన్నెండో తరగతిలో అడ్డం తిరుగుతాయి. ఫారిన్ లాంగ్వేజ్ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. మనబడి లాంటి చోట్ల నేర్చుకున్న తెలుగుకి కొన్ని డిస్ట్రిక్టులు క్రెడిట్ ఇస్తున్నాయి, అడిగి చూడటంలో నష్టం లేదు.

ఇండియానా కొత్త డిప్లొమా 2029 బ్యాచ్ నుంచి అందరికీ వర్తిస్తుంది. ఆ పిల్లలు 2025లో తొమ్మిదో తరగతిలో చేరారు. వాళ్లలో ఎంతమంది ఏ సీల్ తీసుకున్నారో 2029 జూన్‌లో తెలుస్తుంది, ఆ సీల్ తీసుకున్నవాళ్లు కాలేజీలో మొదటి లెక్కల కోర్సు పాసయ్యారో లేదో తెలియడానికి ఇంకో ఏడాది పడుతుంది.